తాళాలెక్కడికి పోయాయి?

లక్షా ఎనభై వేల రూపాయలు!

మూడేళ్ళుగా నెలనెలా కొంచెం కొంచెం పక్కన పెట్టిన డబ్బు. క్యాంటీన్ మానేసి ఇంటి నుంచి డబ్బా తెచ్చుకున్నది, ఆటో మానేసి బస్సెక్కింది, పండగ బోనస్‌ని కంటికి కనబడనివ్వకుండా బ్యాంకులో వేసింది... అన్నీ కలిపితే అంతయింది. దాంతో నేను కొందామనుకున్నది నెక్లెస్ కాదు, స్కూటీ కాదు. పాటలు వినడానికి ఒక ఆంప్లిఫయర్!

ఆ మాట చెప్పగానే అన్నం కలుపుతున్న మా ఆయన చెయ్యి ఆగిపోయింది. 'దాంతో స్పీకర్లు కూడా వస్తాయా?' అన్నాడు. రావు. 'పోనీ పాటలైనా వస్తాయా?' రావు. 'మరేం చేస్తుందది?' సన్నటి కరెంటు సిగ్నల్ని లావు చేస్తుంది. అంతే. మా ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, 'ఎందుకైనా మంచిది, మావయ్యగారిని ఒక మాట అడుగు' అన్నాడు. నన్ను ఆపగలిగే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడేనని తన నమ్మకం. అసలు ఈ పిచ్చి నాకు అంటించిందే మా నాన్నన్న సంగతి పాపం మర్చిపోయాడు.

మైకు సెట్టు ఇంటి పిల్ల

మాది తెనాలి దగ్గర ఓ పల్లెటూరు. మా నాన్నది మైకు సెట్టు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా, శ్రీరామనవమి పందిరయినా, ఎలక్షన్లయినా మా నాన్న వచ్చి కొబ్బరిచెట్టుకో, వెదురుగడకో గొట్టాలు కట్టాల్సిందే. ఆ గొట్టం 'హలో... మైక్ టెస్టింగ్' అన్నాకే ఊరికి పండగ వచ్చినట్టు.

1974 సంక్రాంతికి నాన్న ఓ మైకు సెట్టు షాపులో పనికి కుదిరాడట. అప్పటికి పంతొమ్మిదేళ్ళు. ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. ఆ రాత్రి షాపు యజమాని ఎవరూ అడక్కుండానే సెంటర్లో రెండు గొట్టాలు కట్టించి, తన దగ్గరున్న ఘంటసాల రికార్డులన్నీ తెల్లవార్లూ వేయించాడు. రికార్డులు మార్చే పని నాన్నది. 'ఊరంతా అరుగుల మీదే కూర్చుంది. ఒక్కళ్ళూ మాట్లాడలేదు. ఆ రోజే అనుకున్నా చిట్టీ, ఈ పని వదలకూడదని' అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో!

తర్వాత సొంత సెట్టు పెట్టుకున్నాడు. మొదట్లో వాల్వుల ఆంప్లిఫయర్. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం మూగగా ఉండేది. తర్వాత ట్రాన్సిస్టర్ల అహూజా వచ్చింది. నాకు బుద్ధి తెలిసేసరికి మా ఇంట్లో దేవుడి పటాల తర్వాత అంత శుభ్రంగా తుడిచే వస్తువు అదే. సెలవుల్లో నాన్న వెంట నేనూ వెళ్ళేదాన్ని. రికార్డుల పెట్టె పట్టుకోవడం, రాసిచ్చిన చీటీ ప్రకారం క్యాసెట్లు అందించడం నా డ్యూటీ. పందిరి పక్కన బల్ల, బల్ల మీద ఆంప్లిఫయర్, దాని వెనక కుర్చీలో నాన్న, సరిగ్గా నెత్తి మీద గొట్టం! రెండు వీధుల అవతల మోగుతున్న మైకు విని 'వాళ్ళ గొట్టంలో డయాఫ్రం చిరిగింది' అని చెప్పేవాడు. సూది అరిగిందో లేదో మొదటి చరణానికే పట్టేసేవాడు. ఆ చెవులంటే నాకు గర్వం.

డీజే బాక్సుల రోజులొచ్చాక 2012లో నాన్న సెట్టు అమ్మేశాడు. ఆ తర్వాత ఎందుకో మెల్లమెల్లగా మాటలు తగ్గించేశాడు. నేను హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి 'ఇదిగో మీ అమ్మకిస్తున్నా' అనేవాడు. 'బీపీ మాత్ర వేసుకున్నావా?' అంటే 'ఆఁ, ఇక్కడా ఎండలు బాగానే ఉన్నాయి' అనేవాడు. ఒకసారి విసుగొచ్చి 'నేనేమడిగాను, నువ్వేం చెబుతున్నావు నాన్నా?' అని గట్టిగా అరిచాను కూడా. పని పోయాక మనసు ఎక్కడా నిలవట్లేదేమోననుకున్నా. అంతకుమించి ఆలోచించలేదు.

సన్నటి కరెంటు... లావు కరెంటు

ఇంతకీ ఆంప్లిఫయర్ చేసే పనేమిటి? సీడీ ప్లేయర్ నుంచో, రికార్డు ప్లేయర్ నుంచో వచ్చే విద్యుత్ సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. అది స్పీకర్ అట్టని కదిలించలేదు. దాని ఆకారం ఏమాత్రం మారకుండా బలం మాత్రం పెంచాలి. పెంచేటప్పుడు తనదంటూ ఏమీ కలపకూడదు. మంచి పనిమనిషిలా చెప్పిన పని చేసి, చేసినట్టు తెలియకుండా తప్పుకోవాలి.

దీని కథ 1906లో మొదలైంది. అమెరికాలో లీ డి ఫారెస్ట్ మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు తయారుచేశాడు. సంకేతాన్ని పెంచడమైతే వచ్చింది, దాంతోపాటు గరగరా వచ్చింది. పెంచినకొద్దీ వంకరపోయేది. బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ బ్లాక్ అనే కుర్ర ఇంజినీరు ఏళ్ళ తరబడి ఈ వంకర గురించే ఆలోచించాడు. 1927 ఆగస్టు 2న పడవలో హడ్సన్ నది దాటి ఆఫీసుకి వెళ్తుంటే ఉపాయం తట్టింది. బయటికొచ్చే సంకేతంలో కొంత వెనక్కి తెచ్చి, లోపలికొచ్చే దానికి ఎదురుగా కలిపితే తప్పులు వాటంతటవే కొట్టుకుపోతాయి! కాగితం లేక చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేపర్లోనే ఖాళీగా ఉన్న పేజీ మీద బొమ్మ గీసేసుకున్నాడు. ఈ రోజుకీ మన ఇళ్ళలో మోగే ఆంప్లిఫయర్లలో చాలావాటి గుండెకాయ ఆ ఉపాయమే. పేపర్లో ఖాళీ జాగా వదిలితే మా ఎడిటర్ కోప్పడతారు గానీ, ఒక్కోసారి దానివల్ల మేలే జరుగుతుంది మరి!

ఇక వీటిలో రకాలు. 'క్లాస్ ఎ' ఒట్టిపోయిన గేదె లాంటిది. పాట ఉన్నా లేకపోయినా మేత తింటూనే ఉంటుంది, అంటే కరెంటు తాగుతూనే ఉంటుంది. సగానికి పైగా వేడి కింద పోతుంది. 'క్లాస్ ఎబి' ఇద్దరు ఒకే రోట్లో రోకళ్ళు వేసినట్టు. ఒకరు దించుతుంటే ఇంకొకరు ఎత్తుతారు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉన్నవి ఇవే. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 అనే చిన్న పెట్టె ఈ జాతిదే. చెప్పుకోవడానికి 20 వాట్లే. అయినా డబ్బున్నవాళ్ళకే మంచి సంగీతం అన్న మాటని అబద్ధం చేసిన పెట్టెగా దానికి ఇప్పటికీ పేరు. మూడోది 'క్లాస్ డి'. పాత డబ్బా ఫ్యాన్ రెగ్యులేటర్ వేడెక్కుతుంది, కొత్త ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేడెక్కదు. ఎందుకంటే అది కరెంటుని అడ్డుకోదు, గబగబా ఆపుతూ వదులుతూ ఉంటుంది. క్లాస్ డి చేసేదీ అలాంటి పనే, సెకనుకి కొన్ని లక్షలసార్లు. అందుకే అరచేతిలో పట్టేంత పెట్టె కూడా వంద వాట్లు ఇవ్వగలదు.

షాపువాళ్ళు వాట్ల గురించి ఊదరగొడతారు. అక్కడో చిన్న లెక్క గుర్తుంచుకుంటే చాలు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబుల్స్. అంటే కొద్దిగా పెరిగినట్టు తెలుస్తుందంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. మామూలు గదిలో, మామూలు స్పీకర్లతో, మనం మామూలుగా పాట వినేటప్పుడు ఖర్చయ్యేది ఒక్క వాటు కూడా ఉండదు. మిగతాదంతా మృదంగం మీద ఠక్కున పడే దెబ్బలాంటి వాటికోసం దాచిపెట్టిన నిల్వ.

ఇవన్నీ తెలిసే లక్షా ఎనభై వేలు పెడదామనుకున్నావా అంటారా? తెలియడం వేరు, కావాలనుకోవడం వేరు.

మూడు పెట్టెలు

నా మనసు పారేసుకున్నది 300బి వాల్వు ఆంప్లిఫయర్ మీద. ఆ వాల్వుని వెస్ట్రన్ ఎలక్ట్రిక్ కంపెనీ 1938లో తెచ్చింది. సినిమా హాళ్ళ ఆంప్లిఫయర్లలో వాడేవారు. ఒక్కో చానల్‌కి 8 వాట్లే. లైట్లార్పి చూస్తే బుడ్డిదీపంలా నారింజరంగు వెలుగు. షాపులో విన్న రోజు గాయకుడు నా ఎదురుగా కూర్చుని పాడినట్టనిపించింది. 'శని, ఆదివారాలు ఇంట్లో పెట్టుకుని వినండి మేడమ్, నచ్చితేనే డబ్బు కట్టండి' అన్నాడు షాపాయన. రెండోది మా సహోద్యోగిది. లక్షా పది వేల క్లాస్ డి. 'నీ వాల్వులకంటే ఇదే నయం' అని పందెం వేసి మరీ తెచ్చిచ్చాడు. మూడోది మా ఇంట్లోనే ఉన్న ముసలి ఎబి. పదేళ్ళ కిందట సెకండ్‌హ్యాండ్‌లో 9 వేలకి కొన్నా. దాన్ని పోటీకని పెట్టలేదు, పక్కన ఉందని పెట్టా.

సరిగ్గా అప్పుడే అమ్మా నాన్నా మామిడికాయల బుట్టతో దిగారు. బల్ల మీద మూడు ఆంప్లిఫయర్లు చూసేసరికి నాన్న కళ్ళు మెరిశాయి. ఎన్నేళ్ళయిందో ఆ మెరుపు చూసి! కాఫీ కూడా తాగకుండా చొక్కా చేతులు మడిచాడు.

'పోల్చాలంటే మూడూ ఒకే సౌండులో మోగాలి. ఏది రవ్వంత ఎక్కువ మోగితే అదే బాగుందనిపిస్తుంది. మా పందిళ్ళలో కిటుకు అదేగా' అన్నాడు. నిజమే, ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం అది. తేడా డెసిబుల్‌లో పదో వంతుకి మించకూడదంటారు. అంటే ఓల్టేజీలో నూటికి ఒక వంతు. నేను వెయ్యి సైకిళ్ళ టెస్ట్ టోన్ పెట్టి మల్టీమీటర్ తీస్తే నాన్న ఆపేశాడు. 'ఈ మీటరు ఇంటి కరెంటుకి చేసింది. వెయ్యి దగ్గర తప్పు చూపిస్తే చూపించొచ్చు. వంద పెట్టు.' స్పీకర్ మార్చడానికి డబుల్ పోల్ స్విచ్చితో అప్పటికప్పుడు ఓ పెట్టె తయారుచేశాడు. వాల్వు ఆంప్లిఫయర్‌కి ఎప్పుడూ ఏదో ఒక లోడు ఉండాలి, ఉత్తిగా మోగిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుందని దానికి విడిగా 8 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించాడు. డెబ్భై దాటిన చేతులు ఒక్కసారి కూడా వణకలేదు.

కళ్ళకు గంతలు

పరీక్ష మొదలైంది. బల్లకి అడ్డంగా దుప్పటి కట్టాం. మా ఆయన రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మో బొరుసో చూసి ఏదో ఒకటి మోగిస్తాడు. అదేదో నేను చెప్పాలి. ఒక్కో జతకి 16 సార్లు. ఊరికే నోటికొచ్చింది చెప్పినా 8 దాకా సరిపోతాయి. 12 వస్తేనే నిజంగా తేడా తెలుస్తోందని నమ్మాలి.

లక్షా పది వేల క్లాస్ డి, మా 9 వేల ముసలిది. నాకొచ్చినవి 9.

మళ్ళీ చేశాం. ఈసారి 8! దుప్పటి వెనక నుంచి మా ఆయన నవ్వు వినబడుతూనే ఉంది.

నిజానికి ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో 'స్టీరియో రివ్యూ' పత్రిక 1987లో ఇలాగే 25 మందితో పరీక్ష పెట్టింది. సుమారు 220 డాలర్ల పెట్టె నుంచి 12 వేల డాలర్ల పెట్టె దాకా వరసగా వినిపిస్తే, వాళ్ళ జవాబులు బొమ్మాబొరుసు లెక్కని దాటలేదు. అంతకు రెండేళ్ళ ముందు, 1985లో, బాబ్ కార్వర్ అనే ఇంజినీరు ఇంకో పని చేశాడు. 'స్టీరియోఫైల్' పత్రికవాళ్ళు మెచ్చిన ఖరీదైన వాల్వు ఆంప్లిఫయర్ని ముందు పెట్టుకుని, హోటల్ గదిలో రెండు రోజులు కూర్చుని, తన చవక ట్రాన్సిస్టర్ పెట్టెని అచ్చం దానిలాగే పలికేట్టు సవరించాడు. ఏది ఏదో పత్రికవాళ్ళు చెప్పలేకపోయారు.

ఇక నా 300బి వంతు. 16కి 13! 'చూశావా' అని మా ఆయన మీద గెలిచినట్టు ఎగిరాను. నాన్న మాత్రం మీటరు పట్టుకుని వంద దగ్గరా, ఇంకా కిందా పైనా కొలుచుకుంటూ పోయాడు. 'ఇది అన్ని శ్రుతుల్నీ ఒకేలా పెంచట్లేదు చిట్టీ. స్పీకర్ ఎటు లాగితే అటు ఒంగుతోంది. అందుకే నీకు తెలిసిపోతోంది' అన్నాడు. వాల్వుల తీరే అంత. స్పీకర్ని బిగించి పట్టుకోలేవు, పైగా తమ తీపి కొంచెం కలుపుతాయి. అది తప్పే గానీ చెవికి హాయిగా ఉండే తప్పు. టీలో చెంచాడు పంచదార ఎక్కువేసినట్టు. పంచదార ఇష్టమైనవాళ్ళు తాగొచ్చు, నేరమేం కాదు. నాకు ఇష్టమే!

'పోనీ నువ్వు విని చెప్పు నాన్నా, ఏది బాగుందో. నీ మాటే ఫైనల్' అన్నాను.

'తాళాలు తీసేశారేంటి?'

నాన్నకి ఏది వినిపించాలో నాకు తెలుసు. ఓ అన్నమయ్య కీర్తన. మా సెట్టు ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామున మొదట వేసే పాట అదే. రికార్డు అరిగిపోతే క్యాసెట్టు, క్యాసెట్టు సాగిపోతే ఇంకో క్యాసెట్టు. దాంట్లో మొదటి నుంచి చివరిదాకా వెనకాల కంచు తాళాలు మోగుతుంటాయి. ఆంప్లిఫయర్ గుణం తేలాలంటే తాళాలే వినాలని నాకు నేర్పింది నాన్నే. 'గొంతు ఏ డబ్బాలోనైనా పలుకుతుంది. తాళం చివర ఆ సన్నటి తీగ ఎంతసేపు సాగుతుందో చూడు' అనేవాడు.

మూడింటిలోనూ వేశాను. నాన్న కళ్ళు మూసుకుని, తల కొంచెం ఎడమవైపు వంచి, శ్రద్ధగా విన్నాడు. పూర్తయ్యాక అడిగాను. 'తాళాలు ఎందులో బాగున్నాయి నాన్నా?'

నాన్న కళ్ళు తెరిచాడు. 'తాళాలెక్కడున్నాయమ్మా? ఈ కొత్త సీడీల్లో అన్నీ తీసేస్తున్నారు. నేను ఎప్పటినుంచో చూస్తున్నాగా. పాతవి శుభ్రం చేస్తున్నామని తాళాలు కూడా ఊడ్చేశారు' అన్నాడు. కాస్త కోపంగా కూడా అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను రిమోట్ వైపు చూశాను. గదిలో తాళాలు ఇంకా గణగణా మోగుతూనే ఉన్నాయి.

అమ్మ మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, చాలాకాలంగా మోస్తున్న మూట దించినట్టు నెమ్మదిగా అంది. 'టీవీ నలభై పెడితే గానీ వినపడదే. నీతో చెబితే ఊరుకోనన్నారు.'

ఫోన్లో ఎండల గురించి మాట్లాడింది అందుకు. నలుగురూ నవ్వితే ఒక క్షణం ఆలస్యంగా నవ్వింది అందుకు. ఫోన్ అమ్మకిచ్చేసింది అందుకు. నేను అరిచానే... ఆ అరుపు మాత్రం బాగానే వినపడి ఉంటుంది.

ట్వీటర్ కాలింది

ఆదివారం సాయంత్రం 300బిని షాపులో అప్పజెప్పాను. గొప్ప త్యాగం చేసినట్టు చెప్పుకోను. అట్టపెట్టెలో పెట్టేముందు ఇంకోసారి లైట్లార్పి ఆ వెలుగు చూసుకున్నా. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

నాన్నని ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళడానికి మాత్రం ఇంకో వారం పట్టింది. 'చెవిటి మిషన్ పెట్టుకుని ఊళ్ళో తిరగనా? మైకు సెట్టువాడికి చెవుడంటే నవ్విపోతారు' అన్నాడు. చివరికి అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కదిలాడు.

అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, సన్నటి చప్పుళ్ళు వినిపించి, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అరగంట తర్వాత ఒక గ్రాఫ్ చేతికిచ్చారు. ఆ అమ్మాయి వివరించబోతుంటే నాన్న కాగితం లాక్కున్నాడు. 'ఇది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ కదమ్మా! వెయ్యి దాకా ఫర్వాలేదు. నాలుగు వేల దగ్గర గుంటలో పడింది. ఆ పైన లేవనే లేదు.' ఒక్క క్షణం ఆగి, 'ట్వీటర్ కాలిపోయిందన్నమాట' అన్నాడు. ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలీక నా వైపు చూసింది.

పెద్ద చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళ గ్రాఫ్‌లో సరిగ్గా ఆ నాలుగు వేల దగ్గరే గుంట కనిపిస్తుందట. లోపలి చెవిలో నూగులాంటి కణాలుంటాయి. ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. దానికి వయసు కూడా తోడైంది. 85 డెసిబుల్స్ చప్పుడుని రోజుకి 8 గంటలకు మించి వినకూడదు. పైన ప్రతి 3 డెసిబుల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర కేవలం పావుగంట! నాన్న నెత్తిమీద గొట్టం పెట్టుకుని రాత్రిళ్ళకి రాత్రిళ్ళు కూర్చున్నాడు. ఒకటీ రెండూ కాదు, 38 ఏళ్ళు.

ఆ అమ్మాయి చెప్పిన ఇంకో మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అ, ఆ, ఓ లాంటి అచ్చుల బలమంతా కింది శ్రుతుల్లో ఉంటుంది. స, శ, త, క, చ లాంటివి పై శ్రుతుల మీద ఆధారపడతాయి. పైవి పోతే మాట వినపడుతుంది గానీ అర్థం కాదు. మగవాళ్ళ గొంతు కంటే ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు పట్టుకోవడం మరీ కష్టం. అంటే టీవీలో వార్తలు చదివే ఆయన అర్థమవుతాడు. కూతురు అర్థం కాదు.

నాలుగో ఆంప్లిఫయర్

'ఎంతమ్మా?' అన్నాడు నాన్న. రెండు చెవులకీ కలిపి లక్షా ముప్ఫై వేలు. అంతకంటే చవకవీ ఉన్నాయి, రెండింతలున్నవీ ఉన్నాయి. 'వద్దు. అది నీ ఆంప్లిఫయర్ డబ్బు' అన్నాడు వెంటనే.

'ఇదీ ఆంప్లిఫయరే నాన్నా' అన్నాను.

మాటవరసకి అనలేదు. మైకు, ఆంప్లిఫయర్, స్పీకర్... మైకు సెట్టులో ఏమేముంటాయో చెవి వెనక పెట్టే ఆ చిక్కుడుగింజలోనూ అవే. చాలావాటిలో ఉండేది క్లాస్ డి యే. ఒకటిన్నర ఓల్టు కూడా లేని చిన్న బ్యాటరీతో రోజులు గడపాలంటే వేడికింద పోగొట్టుకునే జాతి పనికిరాదు మరి. పైగా మా బల్ల మీద పెట్టిన మూడు పెట్టెలకీ చేతకాని పని ఇది చేస్తుంది. చిన్న చప్పుళ్ళని ఎక్కువగా, పెద్ద చప్పుళ్ళని తక్కువగా పెంచుతుంది. అదీ ఏ శ్రుతి దగ్గర ఎంత గుంట ఉంటే అక్కడ అంత.

అక్కడి నుంచి నాన్న మా అందర్నీ మర్చిపోయాడు. 'మైకూ స్పీకరూ ఇంత దగ్గరుంటే కూత వెయ్యదూ?' అని మొదలెట్టాడు. వేస్తుందట. అది మొదలవబోతుంటే పసిగట్టి, ఎదురు సంకేతం కలిపి నొక్కేస్తారట. 'ఓహో, వెనక్కి తిప్పి కలపడమే' అని తల ఊపాడు. పడవలో పేపర్ మీద బొమ్మ గీసుకున్న ఆ కుర్ర ఇంజినీరు గుర్తొచ్చాడు నాకు. రెండు రకాలు పెట్టుకుని చూసి, వెనక్కీ ముందుకీ మార్పించి, పక్క గదిలో అమ్మచేత మాట్లాడించి, మేం ఇంట్లో చేసిన పరీక్ష అక్కడ మళ్ళీ చేశాడు. తక్కువ ధరదే ఎంచుకున్నాడు. దాంట్లో మాట తేటగా ఉందట. డబ్బు మిగల్చడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఈ రోజుకీ చెప్పడు.

పెట్టుకోగానే అన్నీ కుదిరిపోయాయని రాస్తే అబద్ధమే అవుతుంది. మొదటి వారమంతా గొడవే. కుక్కర్ కూత భరించలేడు. పేపర్ పేజీ తిప్పితే రేకు చింపినట్టుందన్నాడు. రెండుసార్లు తీసి డ్రాయర్లో పడేశాడు. ఇన్నేళ్ళు వినని చప్పుళ్ళకి మెదడు అలవాటు పడాలి, రోజుకి కొంచెం కొంచెం పెంచాలి అని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మూడుసార్లు వెళ్ళి సరిచేయించుకున్నాం.

ఈలోగా నేను తెలుసుకున్న ఇంకో ముక్క. అందరూ ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ 'ఎడిప్' పథకం కింద అర్హులైనవాళ్ళకి వినికిడి యంత్రాలు ఉచితంగానో, తక్కువకో ఇస్తారు. వినికిడి లోపాల కోసమే పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్లో ప్రాంతీయ కేంద్రం ఉంది. అసలు కావాల్సింది డబ్బుకంటే ముందు ఒప్పుకోవడం. మా నాన్నకి పదేళ్ళు పట్టింది. నాకూ అంతే పట్టింది.

తాళాల సంగతేమయిందంటారా? మిషన్లు పెట్టుకున్న నాలుగో రోజునే ఆ కీర్తన వేశాను. వాల్వులు లేవు, లక్షా పది వేలదీ లేదు. మా 9 వేల ముసలిదే. నాన్న చాలాసేపు విని, 'వినిపిస్తున్నాయి. కానీ కంచువి కాదు, రేకువి' అన్నాడు. ఈ మిషన్లని ముఖ్యంగా మాట కోసం తయారుచేస్తారు, సంగీతం వాటికి కొంచెం కష్టమే. మూడోసారి వెళ్ళినప్పుడు సంగీతం కోసం విడిగా ఒక ప్రోగ్రాం పెట్టించాం. మళ్ళీ వేశాను. 'ఊఁ... సగం కంచు' అన్నాడు.

తీగ సాగేదాకా, ఆ పాత శబ్దం పూర్తిగా వచ్చేదాకా ఈ యంత్రం తీసుకెళ్ళదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా పాట ఆపమనలేదు. మూడోసారి కూడా వేయమన్నాడు. నేను హుషారుగా వాల్యూమ్ ఇంకాస్త తిప్పాను.

నాన్న చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

'కొంచెం తగ్గించు చిట్టీ' అన్నాడు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. వంటింట్లోంచి అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి, ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా, నాన్న కూడా నవ్వాడు.